సెల్ఫ్ కొడితే టక్‌టక్ అంటుంది: లేవని బండి మాటకు ప్రతిపద వ్యాఖ్య

డిసెంబరు చలి ముదిరిందంటే కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా మెకానిక్‌ల ఫోన్లు షెడ్డు తెరవక ముందే మోగడం మొదలవుతుంది. ఊరు మారుతుంది, బండి మారుతుంది, చెప్పే మాట మాత్రం పెద్దగా మారదు:

“అన్నా, బండి నిన్నటిదాంక మంచిగనే నడిచింది. పొద్దుగాల సెల్ఫ్ కొడితే టక్‌టక్ అంటుంది గని లేస్తలేదు.”

బోనెట్ ఎత్తకముందే జబ్బు ఎక్కడుందో సగానికి పైగా ఈ మాటలోనే ఉంది. చెప్పేవాడికి ఆ సంగతి తెలియదు. వినేవాడు తొందరలో ఉంటాడు. దాంతో ముందు బ్యాటరీ మారుస్తారు, లేవకపోతే సెల్ఫ్ మారుస్తారు, అప్పటికీ లేవకపోతే బండిని లాగించుకొని పోయి పెద్ద షెడ్డులో వదులుతారు. చివరికి ఒక తీగ కొసన పట్టిన తుప్పు గీకితే లేస్తుంది. కిరాయి బండి మీద బతికే డ్రైవరుకు ఆ ఖర్చు ఒక నెల కిస్తీతో సమానం. పార్టు మార్చే ముందు పరీక్ష చేయాలి, పరీక్ష చేసే ముందు మాట వినాలి. ఈ వ్యాఖ్య రాయడానికి కారణం అదే.

మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో ఆధారం లేని మాట, సందర్భానికి అక్కర లేని మాట రాయకూడదని నియమం పెట్టుకున్నాడు. ఎవరు, ఎప్పుడు, దేనితో అని ఒక్కో ప్రశ్న వేసుకుంటూ అన్వయం సాధించడం మన వ్యాఖ్యాతల పద్ధతి. లేవని బండి దగ్గర కూడా ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

బండి: ఏ బండి? ముందు నంబరు ప్లేటు చదవాలి. ఏపీ 15 అంటే ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగర్, ఏపీ 01 అంటే ఆదిలాబాద్. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక అవి టీఎస్ 02, టీఎస్ 01 అయ్యాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది. ఈ అక్షరాలు బండి వయసు చెబుతాయి, వయసును బట్టి లోపల ఏముందో తెలుస్తుంది. ఏపీ 15 ప్లేటుతో ఉన్న పాత పెట్రోల్ అంబాసిడర్‌లో కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, పాయింట్లు ఉంటాయి. పాయింట్ల మధ్య గరుకు కాగితం ఆడిస్తే లేచే బండి అది. టీజీ ప్లేటు బండి 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్ 6 నిబంధన తర్వాతిది. దానిలో ప్రతి పని కంప్యూటర్ చెబితే జరుగుతుంది, తప్పు జరిగితే కోడ్ రాసి పెడుతుంది. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానర్ పెడితే ఆ కోడ్ చదవొచ్చు. అయితే కోడ్ అనుమానం మాత్రమే, తీర్పు కాదు. సెన్సర్ నుంచి సంకేతం రావడం లేదని అది చెప్పగలదు. సెన్సర్ పోయిందా, దాని తీగను ఎలుక కొరికిందా అన్నది మనిషే చూడాలి.

పెట్రోలా, డీజిలా అన్నది రెండో ప్రశ్న. పెట్రోల్ ఇంజన్‌కు నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజన్‌కు అక్కర్లేదు. గాలిని పదహారు, పదిహేడు రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే డీజిల్ బండిలో ప్లగ్గులు అంటే హీటర్ ప్లగ్గులు. డీజిల్ ఇంజన్‌ను తిప్పడానికి బలం కూడా ఎక్కువ కావాలి కాబట్టి, పెట్రోల్ బండిని ఎలాగో లేపగలిగిన నీరస బ్యాటరీ అదే సైజు డీజిల్ బండిని లేపలేదు.

నిన్నటిదాంక మంచిగనే నడిచింది: ఈ మాటను పూర్తిగా నమ్మకూడదు, కొట్టిపారేయనూ కూడదు. చెప్పేవాడు అబద్ధం ఆడడు. బ్యాటరీ నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వచ్చి, ఇంజన్‌ను తిప్పడానికి కావలసిన గీత కిందికి ఒక్క రాత్రిలో జారుతుంది. ఆ ముందు రోజు వరకు బండి లేచిందన్నది నిజమే. కాబట్టి అడగవలసింది వేరే: వారం పది రోజులుగా సెల్ఫ్ కొంచెం బరువుగా తిరుగుతోందా? బండి నిలబెట్టినప్పుడు లైట్లు మసకబారి, యాక్సిలేటర్ తొక్కితే పెరుగుతున్నాయా? రెండో దానికి అవునంటే ఆల్టర్నేటర్ సరిగా చార్జి చేయడం లేదన్న అనుమానం గట్టిపడుతుంది. కొత్త బ్యాటరీ వేసినా రెండు మూడు రోజుల్లో మళ్ళీ ఇదే ఫోను వస్తుంది.

“నిన్న ఏం చేయించినవ్?” అన్నది ఇంకా విలువైన ప్రశ్న. కొత్త హారన్, మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా పెట్టించి ఉంటే ఏ తీగకు జోడించారో చూడాలి. ఇంజన్ మీదికి ప్రెషర్‌తో నీళ్ళు కొట్టించి ఉంటే ప్లగ్గుల గుంతల్లో నీళ్ళు నిలిచి ఉండొచ్చు. కొత్త చోట డీజిల్ పోయించి ఉంటే నీళ్ళు కలిసి ఉండొచ్చు. బండి ఎక్కడ నిలబెట్టారు? వడ్ల బస్తాల పక్కనో పత్తి నిలువ చేసిన కొట్టం పక్కనో అయితే ఎలుకల సంగతి ముందు చూడాలి. ఇంజన్ వేడికి చేరి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో పత్తి పరిచి గూడు కడతాయి, చేతికి అందిన తీగనల్లా కొరుకుతాయి. వానాకాలంలో ఈ బెడద మరీ ఎక్కువ.

నిన్న నడవలేదు, నెలన్నరగా కదలలేదు అంటే లెక్క వేరు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్ళ ముందు ఇలాంటి కార్లు కవరు కప్పుకొని ఉంటాయి. కొన్నాయన దుబాయిలోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటాడు. సెలవు మీద వచ్చిన రోజు తాళం తిప్పితే కారు కదలదు. తాళం వేసి ఉన్నా గడియారం, అలారం, కంప్యూటర్ జ్ఞాపకశక్తి కోసం బండి కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 40 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 45 ఆంపియర్-అవర్ బ్యాటరీని అది 1,125 గంటల్లో, అంటే సుమారు 47 రోజుల్లో పూర్తిగా ఖాళీ చేస్తుంది. సెల్ఫ్ తిప్పలేని స్థితికి అందులో సగం రోజుల్లోనే తెస్తుంది. పూర్తిగా ఖాళీ అయి అలాగే ఉండిపోయిన బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ చార్జి పట్టదు. పోయే ముందు నెగటివ్ టెర్మినల్ ఒక్కటి విప్పి పెట్టమని ఇంట్లో వాళ్ళకు చెబితే ఈ బాధ ఉండదు. “వారానికోసారి ఐదు నిమిషాలు ఆన్ చేసి ఉంచుండ్రి” అని చెప్పి పోతారు చాలామంది. ఆ ఐదు నిమిషాల్లో వచ్చే చార్జి వారమంతా బండి తాగిన దానికి చాలదు. బండిని అరగంట రోడ్డు మీద తిప్పాలి.

పొద్దుగాల: ఈ ఒక్క మాట కోసం ఉత్తర తెలంగాణ వాతావరణం మొత్తం చదవాలి. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్(యు), తిర్యాణి మండలం గిన్నెధరి వంటి చోట్ల చలికాలం తెల్లవారుజామున 5, 6 డిగ్రీలకు పడిపోవడం మామూలే. అదే ప్రాంతానికి కొద్ది దూరంలో రామగుండం, మంచిర్యాల మే నెలలో 45 డిగ్రీలు దాటుతాయి. బ్యాటరీని చంపేది ఏది? అందరూ చలి అంటారు. చంపేది ఎండ, చలి దాన్ని బయటపెడుతుంది. వేడికి బ్యాటరీ లోపలి నీరు ఆవిరవుతుంది, పలకల జల్లెడలు తొందరగా తినుకుపోతాయి. సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఆ రంగంలో వాడే లెక్క. ఎండాకాలం ఇంజన్ చాలా తక్కువ కష్టంతో లేస్తుంది కాబట్టి లోపం కనబడదు. డిసెంబరులో లోపల ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడానికి మొరాయిస్తుంది, బ్యాటరీలో రసాయన చర్య నెమ్మదిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం మూడింట రెండు వంతులే ఉంటుంది. మన ఆరు డిగ్రీల చలి అంత తీవ్రం కాకపోయినా, ఎండాకాలంలో దెబ్బతిన్న బ్యాటరీకి ఆ కాస్త చాలు. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే నీటి మట్టం చూడవలసింది ఏప్రిల్, మే నెలల్లో. పోయవలసింది డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్ళు పోస్తే అందులోని లవణాలు పలకలను పాడుచేస్తాయి.

పొద్దుగాల లేవక ఎండ ఎక్కాక లేచే డీజిల్ బండి అయితే హీటర్ ప్లగ్గులు అనుమానించాలి. తాళం మొదటి మెట్టు తిప్పగానే మీటరులో స్ప్రింగ్ బొమ్మ వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. ఆగే ఓపిక లేక పొద్దున్నే బ్యాటరీని అలిసేలా చేసేవాళ్ళు ఎందరో.

దీనికి విరుద్ధంగా పొద్దున మంచిగా లేచి, ఎండలో కరీంనగర్ నుంచి గోదావరిఖని వచ్చి చాయ తాగి మళ్ళీ సెల్ఫ్ కొడితే లేవకపోవడం, అరగంట చల్లారాక తానే లేవడం ఉంటుంది. అప్పుడు బ్యాటరీ జోలికి పోవద్దు. క్రాంక్ సెన్సర్ వేడికి మొరాయించడానికి ఇది పేరుపడ్డ గుర్తు.

సెల్ఫ్ కొడితే: సెల్ఫ్ అంటే స్టార్టర్ మోటారు. ఇది రాకముందు బండి ముక్కుకు ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్ళు. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. మన అంబాసిడర్‌లు, పాత జీపులకు హ్యాండిల్ కూడా తోడుగా ఉండేది. ఉట్నూరు, నార్నూర్ అడవి దారుల్లో జీపు నడిపిన పాతతరం డ్రైవర్లు సీటు కింద దాన్ని తప్పకుండా పెట్టుకునేవాళ్ళు.

ఇప్పటి పెట్రోల్ కారు సెల్ఫ్ 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది, డీజిల్‌ది ఇంకా ఎక్కువ. అంత కరెంటు తాళం గుండా పోలేదు, పోతే అది కాలిపోతుంది. తాళం పంపేది చిన్న కరెంటు. అది రిలే దాటి సెల్ఫ్ నెత్తిన ఉండే సోలినాయిడ్‌కు చేరుతుంది. సోలినాయిడ్ రెండు పనులు చేస్తుంది: పళ్ళ చక్రాన్ని ముందుకు తోసి ఫ్లైవీల్ రింగుకు పట్టిస్తుంది, అదే ఊపులో లోపలి రాగి కాంటాక్టులను కలిపి బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్‌ను మోటారుకు తగిలిస్తుంది. చిన్న దారి ఒకటి, పెద్ద దారి ఒకటి. ఏ దారి తెగిందో తేల్చుకోవడమే ఇక మిగిలిన పని.

కొట్టడానికి ఒక హద్దుంది. పది సెకన్లకు మించి ఒకే పట్టున సెల్ఫ్ కొట్టకూడదు. లేవకపోతే అర నిమిషమైనా ఆగాలి. ఆగకుండా కొడితే మోటారు వైండింగ్ కాలి, ఒక జబ్బు రెండవుతుంది.

టక్‌టక్: వాక్యానికి ప్రాణం ఈ మాట. వరుసగా, వేగంగా టక్‌టక్‌టక్ అంటోందా? లేక ఒక్కసారి గట్టిగా టక్ అని ఊరుకుంటోందా? ఫోనులో వినిపించమని అడిగినా తప్పులేదు.

వరుస టక్‌టక్ ఎందుకొస్తుంది? సోలినాయిడ్ లోపల రెండు చుట్లు ఉంటాయి. ఒకటి లాగేది, ఇంకొకటి పట్టి ఉంచేది. నీరస బ్యాటరీలోనూ సోలినాయిడ్‌ను లాగేంత కరెంటు ఉంటుంది. లాగగానే కాంటాక్టులు కలుస్తాయి. మోటారు ఒక్కసారిగా వందకు పైగా ఆంపియర్లు అడుగుతుంది. వోల్టేజి కుప్పకూలుతుంది. పట్టి ఉంచే చుట్టుకు బలం చాలక సోలినాయిడ్ వదిలేస్తుంది. మోటారు బరువు తప్పగానే వోల్టేజి మళ్ళీ లేస్తుంది, మళ్ళీ లాగుతుంది, మళ్ళీ వదులుతుంది. క్షణానికి ఎన్నోసార్లు ఇదే జరుగుతుంది. అంటే వరుస టక్‌టక్ వినబడిందంటే తాళం, రిలే, చిన్న దారి మొత్తం మంచిగా ఉన్నట్టే. సెల్ఫ్ కూడా చాలావరకు మంచిదే. పెద్ద దారిలో కరెంటు చాలడం లేదు.

చాలకపోవడానికి బ్యాటరీ ఒక్కటే కారణం కాదు. ఇక్కడే చాలా డబ్బు వృథా అవుతుంది. మంచి బ్యాటరీ కొన్ని గంటలు నిలిచి ఉన్నాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం, 12.0 అంటే పావు చార్జి. 10.5 దగ్గర ఆగితే ఆరు సెల్‌లలో ఒకటి చచ్చిందని అర్థం, దానికి చార్జి పెట్టి ప్రయోజనం లేదు. నిలకడ వోల్టేజి మంచిగా ఉన్నా నమ్మకుండా, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటరు చూడాలి. 9.6 వోల్టుల కిందికి పడితే బ్యాటరీ నీరసం. మరి బ్యాటరీ గుండీల మీద 12 చూపుతూనే సెల్ఫ్ టక్‌టక్ అంటుంటే? అప్పుడు దోషం కేబుల్‌లో, టెర్మినల్‌లో, ఎర్తులో ఉంది. టెర్మినల్ కింద తెల్లగా, పచ్చగా పట్టే పొడి వల్ల 0.02 ఓముల నిరోధం వచ్చిందనుకోండి. లైటుకు అది లెక్కలోకి రాదు. 150 ఆంపియర్లు లాగే సెల్ఫ్‌కు మాత్రం అక్కడే 3 వోల్టులు పోతాయి. అందుకే “లైట్లు మంచిగనే ఎలుగుతున్నయ్, బ్యాటరీ మంచిగుంది” అన్న వాదన నిలవదు.

మీటరు లేకున్నా హెడ్‌లైట్ ఉంది. లైటు వేసి, సెల్ఫ్ కొడుతూ ముందు గోడ మీద వెలుగు చూడాలి. వెలుగు చచ్చిపోతే బ్యాటరీయో, దాని టెర్మినల్సో. వెలుగు చెక్కుచెదరకుండా ఒక్క టక్ మాత్రమే వినిపిస్తే కరెంటు మోటారులోకి దిగడం లేదు. సోలినాయిడ్ కాంటాక్టులు కాలి ఉంటాయి, లేదా మోటారు కార్బన్లు (బ్రష్‌లు) అరిగి ఉంటాయి. సెల్ఫ్ ఒంటి మీద పానాతో రెండు దెబ్బలు మెల్లగా వేస్తే లేచిందంటే కార్బన్లు అరిగాయనే. అది ఇల్లు చేరడానికి పనికొచ్చే ఉపాయం, మరమ్మతు కాదు. ఇక వెలుగు బాగా తగ్గి, ఒక్క టక్‌తో అంతా బిగుసుకుపోతే మోటారు కరెంటు తీసుకుంటోంది, తిరగలేకపోతోంది. బుష్షులు అరిగి ఆర్మేచర్ అతుక్కుందా, ఇంజనే పట్టేసిందా చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పితే తేలిపోతుంది.

టెర్మినల్ శుభ్రం చేయడం చాలా తేలిక. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, వంట సోడా కలిపిన వేడి నీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఎర్తు తీగను ఎవరూ చూడరు. అది ఇంజన్ నుంచి బాడీకి పోయే అల్లిక తీగ. వచ్చిన కరెంటు బ్యాటరీకి తిరిగి పోవాలి కదా, ఆ తీగ పుచ్చితే ఎంత కొత్త బ్యాటరీ వేసినా టక్‌టక్ మానదు. బ్యాటరీ నెగటివ్ గుండీకి ఒక మొన, ఇంజన్ ఇనుముకు ఇంకో మొన పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. మీటరు అర వోల్టు కన్నా ఎక్కువ చూపితే దొంగ దొరికినట్టే.

టక్‌టక్ అన్న బండిని అప్పటికప్పుడు లేపే రెండు పద్ధతుల గురించి ఇక్కడ చెప్పకపోతే తప్పు. మొదటిది వేరే బండి నుంచి కరెంటు తీసుకోవడం. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లో బండి ఆగితే సాయానికి ఆగేది లారీయే. లారీ డ్రైవర్లది పెద్ద మనసు. కానీ పెద్ద లారీలో, ఆర్టీసీ బస్సులో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి. ఆ రెండు కొసల నుంచి కారుకు కరెంటు ఇస్తే కంప్యూటర్ ఆ క్షణమే పోవచ్చు. ట్రాక్టర్ 12 వోల్టులే, బొలెరో పికప్ కూడా అంతే. అవి దొరికితే మంచిది. ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ నెగటివ్‌కు, చివరి కొస మాత్రం చచ్చిన బండి ఇంజన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. చివరి కొస కలిపేటప్పుడే నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ మీద హైడ్రోజన్ ఉంటుంది. ముఖం దగ్గర బ్యాటరీ పేలి కళ్ళు పోగొట్టుకోవడం కన్నా రెండు నిమిషాల జాగ్రత్త మేలు.

రెండోది నెట్టడం. తాళం ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ తొక్కి పట్టి, నలుగురు నెట్టి వేగం అందుకున్నాక క్లచ్ వదలాలి. ఆటోమేటిక్ బండికి ఇది పనిచేయదు. మీటరులో ఒక్క లైటూ వెలగనంతగా బ్యాటరీ చచ్చిన కొత్త బండిని నెట్టి లాభం లేదు. కంప్యూటర్ మేలుకోనిదే ఇంజెక్టర్ తెరుచుకోదు.

లేచాక కొందరు పాత మేస్త్రీలు చార్జింగ్ చూడటానికి బండి నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకుతారు. పాత డైనమో బండ్లలో అది చెల్లింది. ఆల్టర్నేటర్ బండిలో వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్ని కంప్యూటర్ కాలుతుంది. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. మీటరు పెడితే 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి, అంతే.

లేస్తలేదు: ఈ మాట కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఇంజన్ తిరగకపోవడం ఒకటి, తిరిగినా అంటుకోకపోవడం ఇంకొకటి. మన మూలంలో టక్‌టక్ ఉంది కాబట్టి మొదటిదే. కానీ ఫోను చేసేవాళ్ళందరూ ఇంత స్పష్టంగా చెప్పరు. అందుకని పాఠాంతరాలు కూడా చూడాలి.

“సెల్ఫ్ మంచిగ తిరుగుతుంది గని పట్టుకుంటలేదు” అన్నది ఎక్కువగా వినబడే పాఠాంతరం. బ్యాటరీ, సెల్ఫ్ ఇక్కడితో నిర్దోషులు. పెట్రోల్ బండి అయితే తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టాలి. ట్యాంకులోని పంపు రెండు సెకన్లు గుయ్‌మని ఆగాలి. ఆ చప్పుడు లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరుసలో చూడాలి. హారన్ రిలే, పంపు రిలే ఒకే రకం అయిన బండ్లు చాలా ఉన్నాయి. ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూస్తే పైసా ఖర్చు లేకుండా తేలుతుంది. పంపు చప్పుడు ఉంటే ప్లగ్గు విప్పి చూడాలి. పెట్రోల్‌తో తడిసి ఉంటే నిప్పురవ్వ లేదు, పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. పదే పదే సెల్ఫ్ కొట్టి పెట్రోల్ ముంచేసిన ఇంజెక్షన్ బండిలో యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితే చాలావాటిలో కంప్యూటర్ పెట్రోల్ ఆపి గాలి మాత్రమే పంపుతుంది, ఇంజన్ ఆరి అంటుకుంటుంది.

డీజిల్ బండిలో ఇదే మాట వినబడితే ముందు అడగవలసింది ట్యాంకు ఖాళీ అయిందా అని. కెరమెరి ఘాట్‌లో డీజిల్ అయిపోయి, క్యానుతో తెచ్చి పోసినా లేవని బండిలో జబ్బేమీ లేదు. పైపుల్లోకి గాలి చేరింది. ఫిల్టర్ దగ్గరి చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి గాలి తీయాలి. కామన్ రైల్ ఇంజన్‌లో రైలు ఒత్తిడి దాదాపు 200 బార్‌కు చేరితే గాని ఇంజెక్టర్లు తెరుచుకోవు. గాలి ఉన్నంతసేపు ఆ ఒత్తిడి రాదు, ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ ఖాళీ కావడం తప్ప ఫలితం లేదు. గోదావరిఖని బొగ్గు దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి లేవడం లేదని కొందరు అంటారు. మూసుకుపోయిన ఫిల్టర్‌తో బండి పొగ కక్కుతుంది, బలం తగ్గుతుంది. అసలు లేవకపోవడం అరుదు.

“లేస్తుంది, రెండు సెకన్లల్ల బందయితుంది” అంటే తాళం మార్చారా అని అడగాలి. తాళం తలలో చిన్న చిప్ ఉంటుంది. బజారులో చేయించిన డూప్లికేట్ చావి తలుపు తీస్తుంది, స్టీరింగ్ తిప్పుతుంది, చిప్ లేనందువల్ల కంప్యూటర్ ఇంజన్‌ను ఆపేస్తుంది. మీటరులో తాళం బొమ్మ మినుకుమినుకుమంటే అదే.

“చప్పుడే లేదు” అంటే పని చిన్న దారిలో. చాలా కొత్త బండ్లు క్లచ్ పూర్తిగా తొక్కనిదే సెల్ఫ్ తీసుకోవు. ఆటోమేటిక్ అయితే లీవర్ పార్క్‌లో గాని న్యూట్రల్‌లో గాని ఉండాలి. బటన్ బండి అయితే రిమోట్ లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కితే చాలావరకు లేస్తుంది. లాగించే బండిని పిలిపించే ముందు ఈ మూడూ చూసుకోవాలి.

“సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ముందటి లెక్క బరువు లేదు” అంటే చెయ్యి తాళం మీద నుంచి వెంటనే తీయమని చెప్పాలి. టైమింగ్ బెల్ట్ తెగి ఉంటే వాల్వులు కదలవు, గాలి నొక్కుడు ఉండదు, అందుకే ఆ తేలిక. ఇంకా తిప్పితే చాలా ఇంజన్లలో పిస్టన్ తెరిచి ఉన్న వాల్వులను కొట్టి వంచుతుంది. బెల్ట్‌తో పోయే ఖర్చు హెడ్ దాకా పోతుంది.

చివరి పాఠాంతరం “నీళ్ళల్ల ఆగింది.” 2022 జూలైలో కడెం జలాశయానికి అది వదలగలిగిన దాని కన్నా ఎక్కువ వరద వచ్చింది. గోదావరి పొంగి మంథని వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. అలాంటి రోజుల్లో వాగు మీది లోలెవల్ వంతెన మీద బండి ఆగితే డ్రైవరు మొదట చేసేది మళ్ళీ సెల్ఫ్ కొట్టడం. అదే బండిని చంపుతుంది. 1,200 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌లో పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు 33 మిల్లీలీటర్లే, చిన్న చాయ గ్లాసులో సగం. డీజిల్‌లో అది ఇంకా తక్కువ. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. అంత నీరు ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్‌లోకి పోయి ఉంటే సెల్ఫ్ దెబ్బకు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒకవేళ అప్పుడు విరగకపోయినా కొన్నాళ్ళకు విరిగి బ్లాకు పగలగొడుతుంది. నీళ్ళలో ఆగిన బండిని ముందు నెట్టి గట్టుకు చేర్చి బ్యాటరీ నెగటివ్ విప్పాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి తడి చూడాలి. తడిగా ఉంటే పెట్రోల్ బండికి ప్లగ్గులు, డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, పానాతో క్రాంక్‌ను చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పోనివ్వాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. బీమా ఉన్నా, నీళ్ళు చేరాక సెల్ఫ్ కొట్టి చెడగొట్టిన ఇంజన్‌కు మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ విడిగా తీసుకుని ఉండాలి. తీసుకున్నా సరే, బండి నిలిచిన చోటే ఫొటోలు తీసి, గట్టుకు చేర్చాక బీమా సర్వేయర్ వచ్చి చూసేదాకా ఇంజన్ విప్పకుండా, చావి జేబులో పెట్టుకొని ఉండటం మంచిది.